కానుగనీడ – నేలసంపెంగల నోము కథ

అమ్మలారా, అయ్యలారా, అక్షతలు కుడిచేత పట్టుకొని కుదురుగా కూర్చుండుడు. పొయ్యి మీద పాలు పెట్టి వచ్చినవారు ఇప్పుడే పోయి దించి రండు. కథ నడుమ లేచిపోయినచో నేను మరల మొదటి నుండి చెప్పుదును, ఆకలి మీది, నాది కాదు.

పూర్వకాలమున గౌతమీ తీరమున తృణపాదుడను మహాముని తపస్సు చేసుకొనుచుండెను. ఒకనాడు శుభ్రవాకుడను మరియొక ముని ఆయన ఆశ్రమమునకు వచ్చి, కాళ్ళు కడుగుకొని, చల్లని నీరు త్రాగి, ఆయాసము తీర్చుకొని ఇట్లడిగెను: "స్వామీ, రాబోవు కాలమున మనుజులకు ఆయువు కొద్ది, పెరడు మరింత కొద్ది. ఉన్న ఆ కాస్త చోటున గృహస్థుడు పూలగడ్డ పాతవలెనా, నీడచెట్టు నాటవలెనా? గడ్డ పాతినవాడు ఆ యేడే దేవునికి పువ్వు పెట్టును. చెట్టు నాటినవాడు దాని నీడ చూడకయే పోవచ్చును. ఈ రెంటిలో ఏది గొప్పదో సెలవిండు. ఈ మాట మీద నా శిష్యులు రెండు జట్లుగా చీలి వంటలు కూడ వేరువేరుగా వండుకొనుచున్నారు. ఇరువురి మాట కాదనలేక రెండు చోట్లను భోజనము చేసి నా కడుపు చెడినది."

తృణపాదుడు గడ్డము నిమురుకొనుచు నవ్వి, "నాయనా, ఈ తగవు నీ శిష్యులు పుట్టించినది కాదు. ఇదే పట్టింపుతో ఒక ఇంటి తోడికోడళ్ళు తమ ఇంటి పరువును పోవు అంచుదాకా తెచ్చుకొనిరి. ఆ కథ విన్నచో నీ సందేహమును తీరును, అజీర్ణమును తీరును" అని చెప్పసాగెను.

గోదావరి పాయ ఒడ్డున పోగులవరమను ఊరు కలదు. ఊరంతయు నేతవారే. ఆ ఊరి గుట్ట మీద పెరటిలక్ష్మి అను తల్లి వెలసి యుండెను. ఆ తల్లికి ఏటేటా జ్యేష్ఠ పున్నమినాడు కల్యాణము. ఆ కల్యాణమునకు కట్టు మధుపర్కములు కూర్మయ్య, వరదయ్య అను అన్నదమ్ముల ఇంటనే నేయుట తాతముత్తాతల నాటి మర్యాద. పొలము లేదు, పుట్ర లేదు. ఆ ఇంటివారికి ఉన్న ఆస్తి అంతయు ఆ మర్యాదయే. మేళతాళములతో బట్టను నెత్తిన పెట్టుకొని గుట్ట ఎక్కునప్పుడు ఊరు ఊరంతయు లేచి నిలుచుండెడిది.

ఆ నేతకు రెండు నియమములు కలవు. నిలువు నూలును పడుగు అందురు కదా, దానిని ఉదయమున పెరటిలో ఉత్తరము నుండి దక్షిణమునకు బారుగా సాగదీసి, గంజి పట్టించి, కుంచెతో దువ్వుదురు. ఆ వేళ దాని మీద ఎండ పడరాదు. పడెనా, గంజి పెళుసెక్కి పోగులు పుటుక్కు పుటుక్కున తెగిపోవును. ఇక రెండవది, పడుగు సాగదీయుటకు ముందు ఆ ఇంటి పెరటిలోనే పూచిన పువ్వు నొకదానిని నూలు మీద పెట్టవలెను. కొన్న పువ్వు పనికిరాదు, అడిగి తెచ్చిన పువ్వును పనికిరాదు.

అన్నదమ్ముల తల్లి బంగారమ్మ బ్రతికి యున్నంతకాలము ఈ రెంటికిని లోటు లేకుండెను. పెరటి నడుమ పెద్ద కానుగ చెట్టు, దానికి అవతల నేలసంపెంగ మడి ఉండెడివి. ప్రతి మాఘమాసమునను ఆమె మడి తవ్వి, గడ్డలు విడదీసి, పసుపు కుంకుమలతో వీధివారందరికి పంచెడిది. కోడళ్ళిద్దరును ఆమె వెనుక చేరి, అత్తగారికి చాదస్తము ముదిరినదని నోటికి కొంగు అడ్డము పెట్టుకొని నవ్వెడివారు. ఎందుకు చేయుచున్నావని ఒక్కరైనను అడిగిన పాపమున పోలేదు.

బంగారమ్మ కాలము చేసెను. ఆ కార్తికమున గాలివాన వచ్చి కానుగను కూకటివేళ్ళతో పెకలించెను. చలికి నేలసంపెంగ ఆకు ఎండిపోయి మడియును బోడిదయ్యెను. పెరడంతయు ఖాళీ అయ్యెను. ఖాళీ చోటు కనబడిన పిమ్మట తోడికోడళ్ళు ఊరకుందురా!

పెద్దవాడైన కూర్మయ్య భార్య పేరు ఆండాళమ్మ. మనసు వెన్న, నోరు మాత్రము మిరపకాయ. చిన్నవాడైన వరదయ్య భార్య పేరు తాయారు. పంతము పట్టెనా, బ్రహ్మదేవుడు దిగివచ్చినను విడువదు. మాఘము రాగానే ఇద్దరును పెరటిలో నిలిచి నడుములకు కొంగులు బిగించిరి.

"కానుగే నాటుదాం. నీడ లేకపోతే పడుగు ఎక్కడ సాగదీస్తారే, నీ కొప్పు మీదనా?" అని ఆండాళమ్మ అనెను.

"నీ చెట్టు నీడ ఇచ్చేసరికి మనకి పళ్ళూడిపోతాయక్కా! గడ్డలైతే వైశాఖానికల్లా పూస్తాయి. పువ్వు పెట్టకుండా నూలు ముట్టుకుంటారేమిటి?" అని తాయారు అనెను.

"పువ్వుదేముంది, ఇవాళ పూసి రేపు వాడిపోతుంది. చెట్టయితే మనవలు కూడా నా పేరు చెప్పుకుంటారు."

"మనవలు చెప్పుకుంటార్లే. ముందు మనం బతకొద్దూ?"

ఆండాళమ్మ పెద్దకోడలినను అధికారము చేత ఇక మాట పెంచనీయక పలుగు తీసికొనెను. తూర్పు గోడ ప్రక్కన మడి మన్ను మెత్తగా ఉన్నది కదా అని అచ్చటనే తవ్వి, నిద్రపోవుచున్న గడ్డలను ఎండిన ఉల్లిపాయలవలె గంపకెత్తి పెంటకుప్ప మీద పోసి, ఆ గోతిలో కానుగ మొక్కను నాటెను. అత్తగారు నాటిన చోటు ఏది, తాను నాటినది ఎక్కడ అని ఒక్కసారియైన చూచుకొనలేదు.

వైశాఖము వచ్చెను. కానుగ మొక్క మోకాలెత్తు పెరిగెను. దాని నీడ ఒక కోడిపిల్లకు చాలును, అదియు కాళ్ళు ముడుచుకొని కూర్చున్నచో. పెరటిలో పువ్వు లేదు. ఆండాళమ్మ సంతలో పువ్వు కొని తెచ్చి, తన పెరటిదేనని చెప్పి నూలు మీద పెట్టెను. తల్లికి తెలియదా! సూర్యుడు ఇంటి కప్పులు దాటగానే పడుగు తెగినది తెగినట్లే తెగెను. అతుకులు వేసి వేసి అన్నదమ్ముల వ్రేళ్ళు పుండ్లయ్యెను. బట్ట గుట్ట మీదికి పోయినప్పుడు పూజారి వ్రేలితో తడిమి చూచి, ఇన్ని ముడులున్న బట్టను తల్లికి కట్టలేనని ప్రక్కన పెట్టించెను. ఆ యేడు తల్లికి పాత బట్టతోనే పెండ్లి జరిగెను. కూర్మయ్య దిగివచ్చునప్పుడు తలపాగా తీసి చంకన పెట్టుకొని వచ్చెను.

మరుసటి మాఘమున తాయారుకు అదను చిక్కెను. "నీ చెట్టు పెద్దరికం చూశాం, ఇక చాలక్కా" అని మొక్కను పెరికి గోడ అవతల పారవైచెను. పెంటకుప్ప మీది గడ్డలు అచ్చటనే మొలకలెత్తి యుండగా వాటిని ఏరి తెచ్చి, మడి అననేల, గోడ మొదలు గుమ్మము వరకు కాలు పెట్ట చోటు లేకుండ పాతెను. వైశాఖమున పెరడెల్ల తెల్లగా పూచెను. వీధి మలుపు తిరుగుచుండగనే వాసన ఎదురు వచ్చెడిది. తాయారు కొప్పు నిండ తురుముకొని నూతి దగ్గరకు వయ్యారముగా నడచి పోయెడిది.

నూలు మీద పువ్వు పెట్టిరి, బాగున్నది. నీడ ఏది? పూల వరుసల నడుమ ఎండలోనే పడుగు సాగదీసిరి. గంజి పటపటలాడెను. పోగులు మొదటి యేటికన్న ఎక్కువగా తెగెను. రెండవసారియు బట్ట తిరిగి వచ్చెను. ఈమారు గుడి పెద్దలు కూర్మయ్యను పిలిపించి, మూడవ యేడును ఇట్లే జరిగినచో మధుపర్కముల మర్యాద పొరుగూరి నేతవారికి పోవునని ఖండితముగా చెప్పిరి.

ఇంటికి వచ్చి అన్నదమ్ములు నీ భార్యదే తప్పనగా నీ భార్యదే తప్పని కేకలు వేసుకొనిరి. పెరటి నడుమ ఉత్తర దక్షిణములుగా తడిక కట్టిరి. పడమటి సగము అన్నకు, తూర్పు సగము తమ్మునికి వచ్చెను. కూర్మయ్య మగ్గము దిగి మంచమెక్కెను. గోడ వైపు తిరిగి, "మా తాత బట్ట నేసి కట్టిన తల్లికి నా చేత్తో గుడ్డముక్క లేదు" అని గొణుగుకొనెడివాడు. ఆ మాట వినునప్పుడెల్ల ఆండాళమ్మ చేతిపని విడిచి లేచును. తగవు మొదలు పెట్టినది తానేనని ఆమెకు తెలియును. పోయి తాయారును పలుకరింతునని తడిక వరకు వచ్చును. వచ్చి, తానే ముందు నోరు విప్పవలెనా అని వెనుకకు పోవును. ప్రాణమైన విడుచునేమో గాని పంతము విడువలేకపోయెను.

మూడవ మాఘమున ఒక ఆదివారము మిట్టమధ్యాహ్నము, నూలు వడకు ఏకుల గంప నెత్తిన పెట్టుకొని ఒక ముసలి ముత్తయిదువ ఆ ఇంటికి వచ్చెను. ఆమె ఎవరో మీకీపాటికి తెలిసియే యుండును. తెలిసినవారు నోరు మూసుకొని వినుడు, పాపము ఆండాళమ్మకు తెలియదు.

"కాస్త నీడలో కూర్చోనిస్తావా తల్లీ?" అని ముసలమ్మ అడిగెను. పెరటిలో నీడ లేదు. పోనీ తలలోకి ఒక పువ్వు ఇమ్మనెను. పువ్వును లేదు. తడిక అవతలికి పోయి తాయారును అడిగెను. నీడ మొదటే లేదు. పువ్వు కొరకు చూడగా, వానలు మొదలు ఒత్తుగా ఆకే గాని ఒక్క కాడయైనను వేయని మడి అది, చలికి ఆ ఆకును వాడియుండెను. అప్పుడు ముసలమ్మ ఉసూరుమని తడిక ప్రక్కన ఎండలోనే చతికిలబడి, "బంగారమ్మ ఉన్న రోజుల్లో ఈ పెరట్లో నాకు రెండూ దొరికేవి" అనెను. ఇద్దరికిని సిగ్గుతో ముఖము చెల్లకపోయెను.

"ఏమమ్మా పెద్దదానా, పడుగు ఏ వేళ సాగదీస్తారు?" అని ముసలమ్మ అడిగెను.

"పొద్దున్నే కదమ్మా" అని ఆండాళమ్మ చెప్పెను.

"పొద్దున్న చెట్టునీడ ఎటు పడుతుంది?"

"పడమటికి."

"పొద్దు వాలాక?"

"తూర్పుకి."

"మరి చెట్టు నడిమధ్యన ఉంటే పడమట పడుగుకి పొద్దుటి నీడ. తూర్పున గడ్డలకి పొద్దుటి ఎండ, మండే వేళకి నీడ. మీ అత్త అలాగే పెట్టింది. ఇంత చిన్న సంగతికి తడిక దాకా తెచ్చుకున్నారా? మీ తెలివి సంతకెళ్ళా!"

ఆండాళమ్మ చేయి నుదుట కొట్టుకొనెను. పిమ్మట ఆండాళమ్మ కన్నీరు పెట్టుకొని, చోటు తెలిసినను కానుగ ఎదుగుటకు ఏండ్లు పట్టును, జ్యేష్ఠ పున్నమి నాలుగు నెలలలోనికి వచ్చినది, ఈ లోపల తన భర్త మర్యాద పోవును గదా అని ముసలమ్మ కాళ్ళు పట్టుకొనెను.

ముసలమ్మ ఆమెను లేవనెత్తి నోము విధానమును చెప్పెను. మాఘమాసమున ఆదివారమునాడు తలంటుకొని, పెరటి నడుమ నీడచెట్టును, దాని తూర్పున పూలగడ్డను నాటవలెను. గడ్డలు ఒకదాని నొకటి ఒరసికొని ఊపిరాడక పూయుట మానును గనుక, ఏటేటా తవ్వి, తమకు కొన్ని ఉంచుకొని, మిగిలినవి వాయనముగా పంచవలెను. మొదటి పువ్వు కొప్పుకు గాక, అన్నము పెట్టు పనిముట్టుకు పెట్టవలెను. ఇక చెట్టు సంగతి చెప్పుచు, "అది ఎదిగేదాకా నాటినవాళ్ళే చెట్టు. ఉన్న చీరల్లో మంచిది తీసి, పొద్దుకి అడ్డంగా పట్టుకు నిలబడండి. ఒక్కతె చేతుల్లో చీర నిలవదు, ఆ కొస ఒకరు, ఈ కొస ఒకరు ఉండాలి" అని లేచి వెడలెను. తలుపు దాటి చూచునప్పటికి వీధిలో మనిషి లేదు, గంప లేదు.

ఆండాళమ్మ ఇక ఆలోచింపలేదు. తడిక నడిమి రాటను రెండు చేతుల పట్టి ఊపెను. రాట కదలలేదు. "తాయారూ, అటు నుంచి తొయ్యవే!" అని గట్టిగా కేక వేసెను. అన్ని నెలలకు ఆమె తోడికోడలిని పేరు పెట్టి పిలుచుట అదియే. పిలుపు ముగియకముందే తాయారు భుజము ఆనించి త్రోసెను. రాట ఊడి తడిక ఇద్దరి మీదను పడెను. దుమ్ము దులుపుకొనుచు ఒకరినొకరు చూచుకొనిరి.

"వైశాఖం తర్వాత గడ్డలు మళ్ళీ పూయలేదేమే?" అని ఆండాళమ్మ అడిగెను.

"వానలంతా ఆకే అక్కా, ఒక్క కాడ రాలేదు. నీకు తెలిస్తే నవ్వుతావని చెప్పలేదు."

"నవ్వనా మరి!" అని ఆండాళమ్మ నవ్వెను, నవ్వుచునే ఏడ్చెను. తాయారు ఆమె మెడ చుట్టుకొని, తన తప్పు కాయుమని వెక్కి వెక్కి ఏడ్చెను.

ఆ ఆదివారమే కాలువగట్టున మొలచిన కానుగ మొక్కను వేరుమట్టితో తెచ్చి, రాట ఊడిన గోతిలోనే నాటిరి. ఇద్దరును కూర్చుండి మడి తవ్వి, చిక్కుపడిన గడ్డలు విడదీసి, తూర్పున ఎడముగా పాతిరి. మిగిలినవి పసుపు పూసి, తమ మీద చాడీలు చెప్పినవారి ఇండ్లు సైతము విడువక, వీధివీధికి తిరిగి వాయనములిచ్చిరి.

వైశాఖము వచ్చెను. నేలసంపెంగ కాడలు వేసి పూచెను. పడుగునాటి ఉదయమున తాయారు తొలిపువ్వు కోసి తెచ్చి ఆండాళమ్మ చేతికిచ్చెను, ఆమె నూలు మీద పెట్టెను. ఒకే పెరడు, ఒకే ఇంటి పువ్వు, కొన్నది కాదు, అడిగినది కాదు. కూర్మయ్య ఒక కొసను, వరదయ్య ఒక కొసను పట్టి పడుగు సాగదీసి గంజి పెట్టుచుండిరి. గోడ మీదుగా సూర్యుడు తొంగి చూచెను. ఆండాళమ్మ తన పెండ్లిచీర మడత విప్పి ఒక చెరగు తాను, ఒక చెరగు తాయారు పట్టుకొని, కానుగ మొక్కకు ఇరుప్రక్కల నిలిచిరి. చీర నీడ పడుగు నడుమ చల్లగా పరచుకొనెను. అయితే పడుగు పొడవు, చీర పొట్టి.

"ఈ చివర ఎండ తగులుతోందే! పోగులు బిగుసుకుంటున్నాయి!" అని కూర్మయ్య అరచెను.

ఆండాళమ్మ అటు తిరిగి చూచెను. చెరగు విడిచి అటు పరుగెత్తినచో ఇటు ఎండ పడును. "తల్లీ, నా తప్పుకి ఆయన్ని శిక్షించకే" అని ఆమె పైకే ఏడ్చెను. అంతలో ఆ ఏడుపు విని పెరటి తలుపు తోసుకొని పొరుగింటి పేరిందేవి చీర చంకన పెట్టుకొని వచ్చి, "మీరిచ్చిన గడ్డ మా ఇంట్లో ఇవాళే పూసిందమ్మా. ఏడవకు, నీ చేతులు దించకు!" అని, కూతురిని ఆ కొసన నిలిపి తన చీర పట్టెను. ఆమె వెనుక మరియొకతె. ఆమె వెనుక మరి ఇద్దరు. వాయనము పుచ్చుకొన్న ఇండ్ల ఆడువారందరును పచ్చవి, ఎర్రవి, చిరుగులు కుట్టినవి, ఉన్న చీరలు తెచ్చి వరుసగా నిలిచిరి. ఈ కొస నుండి ఆ కొస వరకు పడుగు మీద చారెడు ఎండయైనను పడలేదు. కుంచె నడచినంతసేపు ఒకరును చేయి దించలేదు, ఒక్క పోగును తెగలేదు. ఆహా, అట్టి పెరటిని చూడ దేవతలు సైతము గోడలెక్కి యుందురు!

జ్యేష్ఠ పున్నమినాడు డోళ్ళు మ్రోగుచుండ కూర్మయ్య తలపాగా చుట్టి, మధుపర్కములు నెత్తిన పెట్టుకొని గుట్ట ఎక్కెను. ఊరెల్ల లేచి నిలిచెను. పూజారి బట్టను తడిమి చూచెను. ముడి దొరకలేదు. మరల తడిమి, బట్టను చెంపకానించుకొని, "ఎండాకాలంలో నేసిన బట్ట, ఇంత చల్లగా ఉందేమిటయ్యా?" అని అడిగెను. కూర్మయ్య వెనుదిరిగి భార్యను చూపెను. వెనుక నుండి ఆండాళమ్మ, "మా వీధి ఆడవాళ్ళు చేతులు నొప్పులు పుట్టేలా పట్టిన నీడండి అది" అని చెప్పెను. తల్లికి ఆ బట్టయే కట్టిరి. పోగులవరపు ఆడువారందరును ఆ పూట గర్భగుడి ముందు వరుసన నిలిచి, తాము కప్పిన చల్లదనము తల్లి ఒంటిమీద చూచుకొని, కేరింతలు కొట్టిరి.

ఆ మర్యాద ఆ ఇంటనే స్థిరపడెను. మగ్గముల చెంత మగ్గములు వెలసెను. కానుగ ఎదిగి ఇల్లంత నీడయ్యెను. తోడికోడళ్ళు ఏటేటా నోము నోచుకొని, కూడియే భుజించి, నడుమ నడుమ పోట్లాడుకొని, మరల కలిసి, సకల సౌఖ్యములు అనుభవించిరి.

"కావున శుభ్రవాకా, ఏది గొప్పదని అడుగకుము. గడ్డ ఈ యేటి ముఖము చూపును, చెట్టు రాబోవువారి ముఖము చూపును. ఒకటి చాలునన్నవారికి రెండును దక్కవు" అని తృణపాదుడు చెప్పెను. శుభ్రవాకుడు నమస్కరించి, తన ఆశ్రమమునకు పోయి, రెండు పొయ్యిలలో ఒకటి ఆర్పించి, శిష్యులందరిచేత చెట్టునకు గోతులు తవ్వించి, తూర్పున గడ్డలు పాతించెను.

ఈ నోమును తోడికోడళ్ళు తప్పక నోచవలెను. అత్తాకోడళ్ళు, వేరుపడిన అన్నదమ్ములు, ఎండలో పని చేసి పొట్ట పోసుకొనువారు, పెరడు లేక కుండీ ఒక్కటియే ఉన్నవారును నోచవచ్చును. కుండీవారు గడ్డను ఇంట పెంచి, చెట్టును వీధిలో నాటవలెను. నోచినవారికి తెగిన పని అతుకును, పోయిన మర్యాద వచ్చును, పొరుగువారు పిలువకయే పలుకుదురు. నోచలేనివారు కథ విన్నను మేలే. విని, గడ్డలు పంచకుండ దాచుకొన్నవారికి మాత్రము ఆకే గాని పువ్వు లేదు, ఆ పైన నన్ననవలదు.

కథ ముగిసినది. అక్షతలు తలల మీద చల్లుకొనవలదు. గడ్డ పాతిన చోటను, మొక్క మొదలునను వేసి రండు. మొక్క ఇంకను చిన్నది గనుక, పోవునప్పుడు చెరగు పట్టుటకు ఇద్దరిద్దరుగా పోవుడు. ప్రసాదము ఆ తరువాతనే.